చప్పుడు చేయని తుపాకి

జాతరలో గాలి తుపాకుల దుకాణం పెట్టేవాళ్లకు చప్పుడే పెట్టుబడి. తుపాకి గట్టిగా పేలితే జనం మూగుతారు. బెల్లంపల్లి ఐలవ్వ దుకాణం మాత్రం వేరు. అందరిలా ఆమె గాలి ఊదిన బుగ్గలు కట్టేది కాదు. సుద్దముక్కలను దారాలతో వేలాడదీసేది. సీసపు ఛర్రా గుండు తగిలితే సుద్ద పొడిపొడిగా రాలేది. తుపాకి నుంచి మూత పెట్టినంత చప్పుడు వచ్చేది, అంతే. వేములవాడ శివరాత్రి మొదలు కేస్లాపూర్ నాగోబా దాకా తిరిగే దుకాణదార్లు దాన్ని మూగ తుపాకి అని వెక్కిరించేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు.

ఐలవ్వ పుట్టింది హుస్నాబాద్ దగ్గర సిద్దులపల్లెలో. తండ్రి రాయమల్లు కమ్మరి. అన్న కొండల్ తండ్రితో పాటు కొలిమిలో పనిచేసేవాడు. 1948లో, హైదరాబాద్‌లోకి భారత పటాలం దిగడానికి కొన్నాళ్ల ముందు, ఆ కొలిమిలో నాటు తుపాకులు బాగుచేస్తున్నారని ఎవరో చాడీ చెప్పారు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం లారీలో తుపాకులు పట్టుకున్న మనుషులు వచ్చారు. రాయమల్లు సంతకు పోయి ఉన్నాడు. వాళ్లకు దొరికింది కొండల్. అతన్ని ఊరి బయట గుట్ట కిందికి తోలుకపోయి కాల్చి చంపారు.

అన్నకు సద్ది తీసుకుపోతున్న ఐలవ్వ లారీని చూసి పక్కనే ఉన్న ఆముదపు చేలో దూరింది. మట్టికి ముఖం ఆనించి పడుకుంది. తుపాకి పేలింది. కాసేపటికి మళ్లీ పేలింది. ఆ రెంటి నడుమ ఆమె చెయ్యి కూడా కదపలేదు.

తల్లి బుచ్చవ్వ మాత్రం ఒక్కసారే పేలిందనేది.

"ఒక్కటే బిడ్డా. మీ అన్నకు ఎర్కలేకుంటనే పాణం పోయింది."

"నేను రెండు ఇన్న అవ్వా."

"గుట్టకు తాకి మళ్ల ఇనవడ్డది. ఇగ ఆ ముచ్చట తియ్యకు."

శవాన్ని కడిగింది రాయమల్లు ఒక్కడే. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఎన్ని గాయాలున్నాయో ఎవరడిగినా చెప్పలేదు. చెప్పకుండానే మరుసటేడు పోయాడు. ఒక్కటే పేలి ఉంటే అన్న బాధ పడలేదు. రెండు పేలి ఉంటే, ఆ నడుమ అతను బతికే ఉన్నాడు, ఎవరినో పిలిచి ఉంటాడు, తను వినీ లేవలేదు. ఐలవ్వను పట్టుకున్నది ఇదే.

ఆమెను బెల్లంపల్లి బొగ్గుగనిలో ఫిట్టర్ సాంబయ్యకు ఇచ్చారు. నెమ్మదస్తుడు. పెళ్లయిన కొన్నేళ్లకు గనిలో కప్పు కూలి అతని కాలు నలిగింది. పని పోయింది. ఊరు విడిచిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత గాలి తుపాకి కొని, జాతర్లలో దుకాణం పెడదామని తెచ్చాడు. ఐలవ్వ దాన్ని మూలకు ఆనించింది. అది పక్షులను కొట్టే ఆటబొమ్మ కదా అనుకుంది.

దాని స్ప్రింగు తుప్పు పట్టి ఉంది. సాంబయ్య గొట్టం బోల్టు విప్పి లోపలికి కుట్టుమిషన్ నూనె ధారాళంగా పోశాడు. వాకిట్లో నిలబడి గోడకేసి కొట్టాడు. అది ధన్‌మని పేలింది. గొట్టం చివర నీలంగా పొగ లేచింది.

"అబ్బ, గిదిరా తుపాకంటే!" అని నవ్వుతూ వెనక్కి తిరిగాడు. ఐలవ్వ నీళ్ల గోలెం పక్కన నేలకు ముఖం ఆనించి పడుకుని ఉంది. లేపబోతే లేవలేదు. ఆమె పిడికిట్లో మట్టి ఉంది.

ఆ సాయంత్రం ఆమె మొదటిసారి అతనికి అన్న సంగతి చెప్పింది. సాంబయ్య తుపాకిని గోనెగుడ్డలో చుట్టాడు.

"అమ్మేస్తనే," అన్నాడు.

"అమ్మితె ఏం తింటం? అది ఎందుకు పేలిందో సెప్పు."

"దీంట్ల మందు లేదు గద. పిస్టన్ ఉరికొచ్చి గాలిని నొక్కితె గాలి కాగుతది. పలుచటి నూనె ఉంటె ఆవిరై అంటుకుంటది. లారీ ఇంజన్ల తీర్గ."

"అంటుకోని నూనె దేవులాడు మరి."

అట్లా మొదలైంది. ఆ ఎండాకాలం మొదలు చలికాలం దాకా ఇద్దరూ తుపాకిని విప్పడం, తుడవడం, బిగించడమే. గ్యాసునూనె, అంటే కిరోసిన్, తుప్పు కడగడానికి పనికొచ్చింది కానీ తడి ఆరకముందే కొడితే మరింత గట్టిగా పేలింది. పల్లినూనె కొన్నాళ్లకు జిగురై పిస్టన్‌ను పట్టేసింది. ఆముదం చిక్కగా ఉంటుంది, పేలదని సాంబయ్య అన్నాడు. ఐలవ్వ ఆ సీసా మూత తీసి, వాసన తగలగానే బయటికి వెళ్లిపోయింది. అతను మళ్లీ ఆముదం పేరెత్తలేదు. బండి గిరీసు వేస్తే స్ప్రింగు మొద్దుబారి, చలికాలం పొద్దున ఛర్రా గొట్టంలోనే ఆగిపోయింది.

చివరికి కుదిరింది ఇది. పిస్టన్ మీది తోలు వాసరుకు వెచ్చటి మేకకొవ్వు పట్టించి, అది లోపలికి ఇంకేదాకా ఉంచి, పైన మిగిలినదంతా గుడ్డతో తుడిచేయాలి. స్ప్రింగుకూ గొట్టం లోపలి గోడకూ నూనె అసలే వద్దు. గని వర్క్‌షాపులో వాడే, పెన్సిల్ ముల్లులో ఉండేలాంటి నల్లసీసం పొడిని వేలితో రుద్దితే చాలు. మిషన్ నూనె తుపాకి విరిచే మడత దగ్గర, నొక్కి పేల్చే గుర్రం దగ్గర ఒక్కో బొట్టు. అది గొట్టంలోకి పాకకుండా చూసుకోవాలి. మొదటిసారి అట్లా చేసి కొట్టినప్పుడు సాంబయ్య తుపాకిని కాదు, భార్య ముఖాన్ని చూశాడు. ఆమె నిలబడే ఉంది.

సాంబయ్య దగ్గుతో తీసుకుని తీసుకుని పోయాడు. ఆ తర్వాత ఐలవ్వ తల్లిని తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. దుకాణం తనే నడిపింది. ప్రతి జాతరకు ముందు తుపాకి విప్పి, వేలికి నల్లపొడి అద్దుకుని రుద్దేది. ఎంత రుద్దినా ఇంకా ఎక్కడో తడి ఉందేమోనని మళ్లీ తుడిచేది. మొదటి దెబ్బ తనే కొట్టి, కళ్లు మూసుకుని వినేది.

గూడెం గుట్ట జాతర. కార్తీక పున్నమి నాటి ఎండ. ఒక పెద్దమనిషి ఆమె దుకాణం ముందు చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు. ఆడటం లేదు, పోవడం లేదు.

"కొడ్తవా కాకా?" అంది.

"లేదు బిడ్డా. నీ తుపాకి సప్పుడు చేస్తలేదని సూస్తున్న. నాకు సప్పుడు పడది. మిగిలిన దుకాన్ల ముంగట నిలవడలేను."

అతని పేరు హనుమండ్లు. కరీంనగర్‌లో ఒకప్పుడు లారీ తోలేవాడు. ఐలవ్వ పీట వేసింది. ఎందుకు పడదని అడిగింది. చెప్పాలని ఉన్నవాడిలా అతను చెప్పాడు. నిజాం చివరి రోజుల్లో తుపాకులోళ్లు అతని లారీని పట్టుకుని ఊళ్లమ్మట తిప్పించుకున్నారు. ఒక ఊళ్లో కమ్మరి పిలగాణ్ని ఎక్కించి గుట్ట కింద దింపారు.

"ఏ ఊరు?"

"హుస్నాబాద్ దిక్కు. సిద్దులపల్లె."

ఐలవ్వ చేతిలోని సుద్దముక్క విరిగింది. కొండల్ తన అన్న అని చెప్పలేదు. ఒక్కటే అడిగింది.

"ఎన్నిసార్లు కాల్చిండ్రు కాకా?"

హనుమండ్లు తల అడ్డంగా ఊపాడు. "నేను ఇనలే బిడ్డా. ఇనొద్దనే ఇంజన్ చాలు చేసిన. ఎక్సిలేటర్ తొక్కుకుంట, ఇడ్సుకుంట కూసున్న. వాళ్లు వచ్చి బండెక్కినంక ఎరుకైంది, అయిపోయిందని."

ఐలవ్వకు ఇంజన్ మోత గుర్తే లేదు. అంత పెద్ద మోత ఆ చేలో తనకు ఎట్లా వినిపించలేదు?

"పాత బండా?" అంది మెల్లగా.

"పాతదే. పెట్రోల్ సరిగ కాలకపోయేది. ఎక్సిలేటర్ ఇడ్సినప్పుడు పొగగొట్టంల తుపాకి తీర్గ పేలేది."

"ఆ దినం పేలిందా?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఈమె ఎవరో అతనికి అప్పుడు అర్థమై ఉండాలి. కళ్లు దించుకున్నాడు.

"పేలిందో, పేలలేదో... ఉన్నది ఉన్నట్టు సెప్పుమంటె, నాకు యాదికి లేదు బిడ్డా."

అతను లేచి వెళ్లాక ఐలవ్వ దుకాణానికి పరదా దించింది. తుపాకి తీసుకుని జనం లేని గుట్ట వెనక్కి పోయింది. గొట్టం బోల్టు విప్పి, మిషన్ నూనె తన చేత్తో తనే లోపల పోసింది. రాళ్లకేసి కొట్టింది. ధన్‌మన్నది. నీలం పొగ. ఆమె నేలకు ఒరగలేదు. మళ్లీ ఛర్రా పెట్టి కొట్టింది. గుట్ట ఆ చప్పుడును తిప్పి కొట్టింది. ఏది గుండు, ఏది కాలని నూనె, ఏది రాయి తిప్పిన చప్పుడు? నూనె అంతా కాలిపోయేదాకా కొట్టింది. ఏదీ ఆనాటి చప్పుడులా లేదు. అన్నీ ఆనాటి చప్పుడులాగే ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి బుచ్చవ్వ మంచంలో ఉంది. అప్పటికే లేవలేని స్థితి. ఐలవ్వ పక్కన కూర్చుని తల్లి కాళ్లు పిసుకుతూ అంది.

"అవ్వా, ఆ లారీ తోలినాయన కలిసిండు. నువ్వన్నదే నిజం. కాల్చింది ఒక్కపారే. రెండోది లారీ పొగగొట్టం పేలింది."

ముసలామె కళ్లు తెరిచింది. "నిజంగనా? ఆయినె సెప్పిండా?"

"ఆయినె నోటితోనే సెప్పిండు."

"పొగగొట్టమా..." అంది. కాసేపటికి కూతురి చెయ్యి పట్టుకుంది. "నేను సుత రెండు ఇన్న బిడ్డా. నువ్వు చేన్ల పండుకుని ఉంటివి గద, నీకెట్ల సెప్పుదు? ఒక్కటే అనుకుంట ఎల్లదీసిన."

ఐలవ్వ పొయ్యి మీద గంజి పెట్టింది. తల్లి ఆ పూట కడుపునిండా గంజి తాగింది, గోడవైపు తిరిగి నిశ్చింతగా నిద్రపోయింది. ఆ చలికాలం దాటకుండానే పోయింది. పోయేముందు ఎవరు పలకరించడానికి వచ్చినా, "మా కొండల్ బాధ పడలేదట," అని చెప్పేది.

ఐలవ్వ ఇంకొన్నేళ్లు దుకాణం నడిపి, చూపు మందగించాక తుపాకిని మంచిర్యాల నుంచి వచ్చే దుకాణదార్లకు ఇచ్చేసింది. కొవ్వూ నల్లపొడీ ఎట్లా పట్టించాలో దగ్గర కూర్చోబెట్టుకుని చూపించింది. వాళ్లు సరేనని తలూపి, మరుసటి జాతరకే మిషన్ నూనె పోసి పేల్పించారని ఆమెకు తెలిసింది.

దీపావళికి బెల్లంపల్లి గని ఇళ్ల వరుసల్లో పిల్లలు పటాకులు కాల్చేవాళ్లు. ఐలవ్వ తలుపు వేసుకునేది కాదు. గడప మీద కూర్చునేది. ఒకటి పేలేది. ఆమె చేతిలో పని ఆగిపోయేది. తల కాస్త పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి, రెండోదాని కోసం చూసేది.