నాయినమ్మ ఒప్పుకున్న కారు

మా నాయినమ్మ ఒక్కటే షరతు పెట్టింది. బండి దారిలో ఒక్కసారి ఆగి మొరాయించినా సరే, ఆ రోజుతో పిల్ల చదువు బంద్.

అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. మాకు కేసముద్రంలో వడ్లు, కందుల కమిషన్ దుకాణం ఉండేది. కాలేజీ మహబూబాబాద్‌లో. ఆ ఊరిని మేమంతా మానుకోట అనే పిలిచేవాళ్లం. పొద్దున పోవడానికి రైలు సరిపోయేది. సాయంత్రం ప్రాక్టికల్స్ అయ్యేసరికి తిరుగు రైలు వెళ్లిపోయేది, ఆ తర్వాత బస్సు దాని ఇష్టం. ఒకసారి బస్సు ఎంతకీ రాక నేను పొద్దుగూకాక ఇల్లు చేరాను. నాయినమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదట.

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బస్సులు ఎక్కడివక్కడ నిలిచిపోయినప్పుడు మా మేనత్త జనగామ అవతల దారిలో చిక్కుకుపోయింది. మూడో రోజుకు గాని ఇల్లు చేరలేదు. ఆ మూడు రోజులూ నాయినమ్మ ఎట్లా గడిపిందో ఇంట్లో ఎవరూ మాట ఎత్తేవారు కాదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా ఒళ్లు మండేది. మేనత్త ఎక్కిన బస్సుకూ నా కెమిస్ట్రీకీ ఏం సంబంధం?

మా ఇద్దరి మధ్య నలిగి నలిగి బాపు చివరికి ఒక మాటన్నాడు.

"పాత కారొకటి కొందం. పిల్ల నేర్సుకుంటది. మంచిగ నడిశే బండైతే నీకేం పరేషానమ్మా?"

అప్పుడే నాయినమ్మ ఆ షరతు పెట్టింది. పెట్టి, నడుముకు వేలాడే సంచిలోంచి అడకత్తెర తీసి వక్క కత్తిరించుకుంది. మా ఇంట్లో ఆ చప్పుడు వినబడిందంటే ఇక ఆ విషయం మీద ఎవరూ మాట్లాడకూడదని అర్థం.

బాపుకు వడ్ల గురించి తెలియనిది లేదు, కార్ల గురించి తెలిసింది లేదు. అందుకని వడ్లు కొన్నట్టే కారు కొనడానికి బయలుదేరాడు. చదువు నాది కాబట్టి నేనూ వెంటపడ్డాను. మా సరుకు తోలే లారీ డ్రైవరన్న మూడో మనిషి. బండి కొంటే నడుపుకుని రావడానికీ, నాకు నేర్పడానికీ ఆయనే.

మొదటి కారు మానుకోటలో ఒక బ్రోకరు చూపించాడు. అద్దంలా మెరుస్తోంది. నాకు చూడగానే మనసైంది. కాలేజీ ముందు దాంట్లోంచి దిగుతున్నట్టు ఊహించుకున్నాను కూడా. బాపు ఆ మెరుపు వంక కన్నెత్తి చూడలేదు. రాశి పైన ఎవరైనా మంచి గింజే పోస్తారని ఆయన నమ్మకం. మార్కెట్ యార్డులో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు గింజ తీసి చూస్తాడు. ఇక్కడా అంతే. చొక్కా చెయ్యి మడిచి, కాళ్ల కింద పరిచిన పట్టా ఎత్తి, మూలకు చెయ్యి దూర్చి చిటికెడు మన్ను తీశాడు. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

"ముక్కిన వాసనొస్తుంది. నీళ్లల్ల మునిగిన బండి."

"సేటూ, నువ్వు కారు కొనొచ్చినవా, కందులు కొనొచ్చినవా?" అని బ్రోకరు గయ్యిమన్నాడు. డ్రైవరన్న మొహం అటు తిప్పుకుని నవ్వుకున్నాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

రెండోది భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరుది. ముందురోజే పోయి చుట్టాలింట్లో దిగాం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరి వడ్లయినా ఎండినట్టే కనిపిస్తాయి, అందుకని బాపు సరుకును పొద్దున్నే చూస్తాడు. కాంట్రాక్టరు పది గంటలకు రమ్మన్నాడు. మేం ఆరింటికే ఆయన వాకిట్లో నిలబడ్డాం. బాపు నేరుగా పోయి కారు ముందు రేకు మీద అరచెయ్యి ఆనించాడు. అది అప్పటికే వెచ్చగా ఉంది. చలికి మొరాయించే ఇంజన్ను వాళ్లు తెల్లవారకముందే లేచి వేడి చేసి పెట్టారన్నమాట. బాపు దండం పెట్టి వెనక్కి తిరిగాడు. చాయ తాగిపొమ్మన్నా ఆగలేదు.

రెండు నెలల్లో ప్రాక్టికల్ పరీక్షలు. ఇంట్లో అడకత్తెర చప్పుడు రోజురోజుకూ పెద్దదవుతున్నట్టు అనిపించేది.

మూడోది జనగామలో రిటైరైన ఒక డాక్టరుగారి కారు. ఆ రోజుల్లో మా వైపు కార్లంటే రెండే రకాలు, పెద్ద కారు, చిన్న కారు. ఇది చిన్నది. రంగు వెలిసింది, ఒక పక్క సొట్ట. నేను మొహం ముడుచుకున్నాను. బాపు చెయ్యి పెట్టి చూస్తే బండి చల్లగా ఉంది. డాక్టరు తాళం తిప్పితే మూడోసారికి అందుకుని నిలకడగా ఆడింది. డ్రైవరన్న తలూపాడు.

ఇక బేరం. ధర నోటితో పైకి అనడం బాపు తరం వ్యాపారులకు నామోషీ. తువ్వాల కప్పి, దాని కింద అవతలి మనిషి వేళ్లు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియదు. బాపు అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాల తీసి డాక్టరు చేతి మీద కప్పి కింద వేళ్లు అందుకున్నాడు. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, ఆనక తన చెయ్యి తిప్పి బాపు మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని, గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. బాపు ధర కోసం ఆయన మొహంలోకి చూస్తున్నాడు.

నిమిషం గడిచాక డాక్టరు అన్నాడు. "నాడి మంచిగనే కొట్టుకుంటుంది సేటూ. ఏం తకలీఫ్?"

డ్రైవరన్న బయటికి పారిపోయాడు. నేను పెదవి కొరుక్కుని ఆపుకున్నాను గానీ కళ్లలోంచి నీళ్లు కారాయి. బాపు సిగ్గుపడుతూ విషయం చెప్పాక డాక్టరు కూడా పగలబడి నవ్వాడు. ధర పైకే చెప్పేశాడు.

"ఇంతకూ బండి నడిపేదెవరు?"

"మా బిడ్డ."

ఆయన నవ్వు ఆపి నా వైపు తిరిగాడు. "ఇటు రా బిడ్డా" అని ముందు రేకు ఎత్తి ఒక్కొక్కటే చూపించాడు. "ఎండల ఎక్కువ దూరం నడిపితే వేడెక్కుతది, నీళ్లు చూసుకోవాలె. వెనక తలుపు లోపలికెల్లి తెరుసుకోదు. గిదిగో, గీ బ్యాటరీ క్లిప్పు కుదుపులకు వదులైతది. తాళం తిప్పితే సప్పుడే రాదు. ఏం భయపడకు. నాలుగు దెబ్బలేసి కూసోబెట్టు, పట్టుకుంటది."

బాపు ఆయన్ని నోరు తెరుచుకుని చూశాడు. అన్నేళ్లు యార్డులో తిరిగి, తన సరుకులో తాలు ఎంతుందో తానే చెప్పిన మనిషిని ఆయన అంతవరకు చూడలేదు. పట్టా ఎత్తడానికి వంగినవాడు మళ్లీ లేచి నిలబడ్డాడు. డబ్బు అక్కడికక్కడే ఇచ్చేశాడు.

తిరిగొస్తుంటే నేను గొణిగాను. "గిన్ని రోగాలున్న బండెందుకు బాపూ?"

"రోగాలు అన్నిటికుంటయి బిడ్డా. దీనియి మనకెరుకైనయి."

యార్డు సెలవు రోజుల్లో డ్రైవరన్న నాకు నేర్పాడు. నేను ఖాళీ గోనెల కుప్పను రెండుసార్లు, మా దుకాణం అరుగును ఒకసారి గుద్దాను. హమాలీలు నన్ను చూస్తే గోడకు అతుక్కుపోయేవారు. లైసెన్సు చేతికొచ్చి, ఒంటరిగా కాలేజీకి పోయొచ్చిన రోజు నాకు నేల మీద కాళ్లు ఆనలేదు.

నాయినమ్మ మాత్రం కారు ఎక్కలేదు. సాయంత్రం నేను రాగానే కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఆగిందా?" అని అడిగేది. "లేదు నాయినమ్మా" అనేదాన్ని. అది నిజమే. చివరికి ఆమె కళ్లు చూపించడానికి మానుకోట దవాఖానకు పోవలసి వచ్చింది. బాపుకు యార్డులో పని. నేనే తీసుకుపోయాను. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు.

వచ్చేటప్పుడు రైల్వే గేటు పడింది. పెట్రోలు ఎందుకు దండగని ఇంజను ఆపాను. గూడ్సు బండి పోయింది. గేటు లేచింది. తాళం తిప్పితే చప్పుడు లేదు. మళ్లీ తిప్పాను. వెనక లారీ హారను, దాని వెనక ఎడ్లబండ్లు, చూస్తుండగానే గుమిగూడిన జనం. "ఆడిపిల్లకు కారెందుకే" అని ఎవరో అన్నారు. పక్కకు చూసే ధైర్యం లేదు. చదువు ఆ గేటు దగ్గరే అయిపోయిందనుకున్నాను.

దిగి రేకు ఎత్తాను. క్లిప్పు వదులై పక్కకు ఒరిగి ఉంది. కొట్టడానికి చేతిలో ఏమీ లేదు. రాయి కోసం రోడ్డు పక్క వెతుకుతుంటే నా భుజం పక్కన ఒక ముడతల చెయ్యి కనిపించింది. ఎప్పుడు దిగిందో నాయినమ్మ, అడకత్తెర పట్టుకుని నిలబడి ఉంది.

"దీంతోని కొట్టు."

నాలుగు దెబ్బలు కొట్టాను. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. నాయినమ్మ మళ్లీ ఎక్కి పక్క సీట్లో కూర్చుంది.

మా కంటే ముందే కబురు ఊరు చేరింది. బాపు దుకాణంలోంచి గాభరాగా ఎదురొచ్చాడు.

"అమ్మా, గేటు కాడ బండి ఆగిందట?"

"గేటేస్తే ఆగదా మరి? రైలుకు అడ్డం పోవాల్నా?" అని కసిరి నాయినమ్మ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు కాలేజీకి బయలుదేరుతూ కారులో ముందుండే చిన్న అర తెరిచాను. పాత గుడ్డలో చుట్టి అడకత్తెర ఉంది. లోపల వంటింట్లో నాయినమ్మ వక్కలను చిన్న రోట్లో వేసుకుని టకటకా దంచుకుంటోంది.