ఎర్రగా వస్తే మంచిదే

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. అమలాపురంలోని ఒక పిల్లల ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా నాకది పద్నాలుగో ఏడు. ఆత్రేయపురం నుంచి మూడు వారాలకోసారి సిరి అనే ఆరేళ్ల పాప వచ్చేది. థలసీమియా. ఒంట్లో రక్తం సరిగా తయారవదు కాబట్టి బయటి నుంచి ఎక్కించాల్సిందే. అమ్మానాన్నా పనికి పోతే నాయనమ్మ సత్యవతి గారు బస్సులో తీసుకొచ్చేవారు. పూతరేకులు చుట్టే మనిషి. వచ్చినప్పుడల్లా నా చేతిలో రెండు పెట్టందే కూర్చునేవారు కాదు.

సిరికి సూదంటే లెక్క లేదు. "సిస్టర్, ఈసారి ఎడం చెయ్యి. కుడి చేతికి సెలవిచ్చేను" అని తనే చెప్పేది. ఆ పిల్లంటే నాకు ప్రాణం.

ట్రాన్స్‌ఫ్యూజన్, అంటే రక్తం ఎక్కించడం, ఇలాంటి పిల్లల్ని నిలబెడుతుంది. కానీ ఎక్కించిన ప్రతిసారీ కొంత ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి తోసే దారి శరీరానికి లేదు. కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. ఎంత పేరుకుందో ఫెరిటిన్ అనే రక్తపరీక్షలో సుమారుగా తెలుస్తుంది. సిరికి అది మరీ ఎక్కువగా ఉందని డాక్టరు గారు ఇనుమును బయటికి లాగే గుళికలు రాశారు. వివరంగా చెప్పే పని నాది. రోజుకు మూడుసార్లు వెయ్యాలి, రక్తపరీక్షలు మానకూడదు, జ్వరమొస్తే గుళికలు ఆపేసి వెంటనే రావాలి. అన్నిటికీ సత్యవతి గారు "ఆయ్, అలాగేనండి" అన్నారు.

మూడు నెలలకు ఫెరిటిన్ తగ్గకపోగా పెరిగింది.

"ఇలాగైతే గుండె తట్టుకోదు. రోజూ గంటల తరబడి పొట్టకు సూది పెట్టి మందు ఎక్కించాల్సి వస్తుంది" అన్నారు డాక్టరు గారు. అసలే నోరెక్కువదాన్ని, సత్యవతి గారి మీద విరుచుకుపడ్డాను.

"గుళికలు వేస్తున్నారా లేదా?"

"ఆయ్, వేస్తన్నానండి."

ఆ రోజు మూత్రపరీక్ష కూడా రాశారు. కాసేపటికి సీసా పట్టుకుని ఆవిడ నవ్వుతూ వచ్చారు.

"చూసేరా అమ్మా, ఎంత తేటగా ఉందో! అప్పట్లో ఎర్రగా వచ్చేసేదండి. ఇప్పుడు పూర్తిగా తగ్గిపోయింది."

ఆ గుళికలు వేసుకుంటే మూత్రం ఎర్రబారడం మామూలే. లోపలి ఇనుమును అవి అలా బయటికి తెస్తాయి. ఆ సంగతి చెప్పడం నేనే మరిచిపోయాను!

"మామ్మగారూ, నిజం చెప్పండి. ఎప్పుడు ఆపేశారు?"

ఆవిడ తల దించుకున్నారు. "వారానికేనండి. ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన రక్తం, పిల్లకి పట్టకుండా అంతా పోతందనుకున్నాను. చేతులారా ఎలా వెయ్యనండి?"

"మరి మాకు చెప్పలేదేం?"

"అంత పెద్దాయన ఇచ్చిన మందు తేడా చేసిందని మొహమ్మీద ఎలా అంటామండి? బాగోదు కదా."

మర్యాద కొంప ముంచడమంటే ఇదే. కానీ తిట్టాల్సింది ఆవిణ్ణి కాదు, నన్నే. "అది రక్తం కాదు మామ్మగారూ, ఇనుము. అది పోవాల్సిందే. చెప్పకపోవడం నా తప్పు" అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నాకూ కన్నీళ్లు ఆగలేదు. సిరి మాత్రం మా ఇద్దర్నీ వింతగా చూసింది.

జరిగింది డాక్టరు గారికి నా నోటితోనే చెప్పి చీవాట్లు తిన్నాను. రక్తపరీక్ష చూసి ఆయన అవే గుళికలు మళ్లీ మొదలుపెట్టించారు. తర్వాతి పరీక్షల్లో ఫెరిటిన్ దిగుతూ వచ్చింది. పొట్టకు సూది అవసరం పడలేదు.

అప్పటి నుంచి "మందు వేస్తున్నారా" అని అడగడం మానేశాను. దానికి మా వైపు ఒక్కటే జవాబు, "ఆయ్". "వేశాక ఇంట్లో ఏం చూశారు?" అని అడుగుతాను. కొత్తగా గుళికలు రాసిన పిల్లల తల్లులకైతే నాకంటే ముందు సత్యవతి గారే పక్కన చేరి చెబుతారు.

"ఎర్రగా వస్తదండి, కంగారు పడకండి. ఏదైనా తేడాగా అనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా అడిగేయండి. నేను మొహమాటపడి మా పిల్లని మూడు నెలలు వెనక్కి లాగేసేను."