డోరిస్ లేని సౌండ్ చెక్

ఎవరైనా దయ్యం ఉందంటే, ముందు వైర్లు చూడండి అనే రకాన్ని నేను. ఇరవై ఏళ్ళకు పైగా స్టేజీల మీద సౌండ్ పని చేశాను. వినిపించిన ప్రతి వింత శబ్దానికీ చివరికి ఒక లూజ్ కనెక్షన్ దొరికింది. ఈ ఒక్కదానికే దొరకలేదు.

నేను పనిచేసింది ఒక పెద్దవయసు అమెరికన్ పాప్ గాయని దగ్గర. పేరు చెప్పను. యాభై ఏళ్ళుగా ఊరూరా తిరిగి పాడుతున్న మనిషి. పాడేటప్పుడు ఆవిడ చెవుల్లో చిన్న ఇయర్‌ఫోన్లుంటాయి. వాటిలో ఏం వినబడాలో స్టేజీ పక్కన కూర్చుని నేను చూసుకునేవాణ్ణి. ఇంట్లో నా మాట వినే దిక్కు లేదుగానీ, అక్కడ మాత్రం నేను వినిపించిందే వేదం.

ఆవిడ వెనక ముప్ఫై ఏళ్ళు కోరస్ పాడింది డోరిస్. నన్ను ముద్దుగా ‘షుగర్’ అని పిలిచేది. నాకు నిజంగానే షుగర్ ఉందని ఆమెకు తెలియదు.

చివరి ఏడాది డోరిస్ గొంతు వణకడం మొదలైంది; అది ముందుగా పట్టుకున్నది నేనొక్కణ్ణే. ప్లేనో అనే ఊళ్ళో ఒక షోకి ముందు నేను అతితెలివికి పోయాను. పాత టూర్ రికార్డింగ్‌లోంచి డోరిస్ గొంతు తీసి, హాల్లోకీ, మా గాయని చెవుల్లోకీ అదే పంపాను. డోరిస్ చెవిలో మాత్రం ఆమె అసలు గొంతే ఉంచాను. ఎవరికీ చెప్పలేదు. అది దయ అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి షోకీ అదే చేశాను.

ఒకరోజు డోరిస్ నా పక్కన కూర్చుని అడిగింది. “షుగర్, నిజం చెప్పు. నేను వినబడుతున్నానా?”

“క్లియర్‌గా,” అన్నాను.

చలికాలం టూర్ ఆపినప్పుడు ఆమె నిద్రలోనే పోయింది.

టూర్ మళ్ళీ మొదలయ్యాక మొదటి షో షాంటిలీ అనే ఊరికి దగ్గర్లో. మధ్యాహ్నం రెండింటికి, ఖాళీ హాల్లో సౌండ్ చెక్. పాత రికార్డింగ్ తీసేశాను. డోరిస్ మైకు పెట్టెలోంచి బయటికే రాలేదు. రెండో చరణంలో మా గాయని చెయ్యెత్తి పాట ఆపేశారు.

“శ్రీనీ, పాపం డోరిస్ గొంతేంటి ఇంతలా వణుకుతోంది? లైన్ మధ్యలో ఊపిరి తీసుకుంటోంది.”

డ్రమ్మర్ తల దించుకున్నాడు. వయసు, బెంగ అనుకున్నారంతా. నేనూ అలాగే సరిపెట్టుకునేవాణ్ణే. కానీ జ్ఞాపకమే అయితే ఆవిడకు గుర్తుకు రావలసింది పాత గొంతు. ఏడాదిగా ఆవిడ విన్నది దాన్నే. ఆ వణుకూ, మధ్యలో ఆ ఊపిరీ విన్నది ఇద్దరమే. డోరిస్, నేను.

ఆవిడకు వినబడేదంతా నా ఇయర్‌ఫోన్‌లోనూ వినబడుతుంది. ఆ క్షణాన నాకు వినబడింది పియానో ఒక్కటే. తర్వాత వైర్లూ, ఆ సౌండ్ చెక్ రికార్డింగూ రెండుసార్లు వెతికాను. ఏమీ లేదు.

స్టేజీ ఎక్కి చేసిందంతా చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు.

“మరి డోరిస్‌కి చెప్పావా?”

“లేదు మేడమ్.”

“నాకైనా చెప్పాల్సింది. నేను కాస్త కిందికి దిగి పాడేదాన్ని కదా.”

పియానో అతన్ని శ్రుతి తగ్గించమన్నారు. నెమ్మదిగా మొదటినుంచీ పాడారు. ఆ లైన్ మధ్యలో, ఎవరికోసమో అన్నట్టు, ఒక ఊపిరంత ఆగారు.

పాట అయ్యేదాకా నేను ఇయర్‌ఫోన్ తియ్యలేదు. అది డోరిసే అయితే, ఏడాదిపాటు ఆమె గొంతు ఆపేసిన నాకు ఎందుకు వినబడలేదో నేను అడగక్కర్లేదు. డోరిస్ కాకపోతే, అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.