సార్ అడిగిన మొదటి బిందె

మా నల్లా సార్ పోయారు. ఆ కబురు నాకు మా చాల్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. వరస గదుల ఆ పాత చాల్‌ను కూల్చేసి ఏళ్లయింది, గ్రూపు మాత్రం ఇంకా నిలబడే ఉంది. ఎవరో మరాఠీలో 'భావపూర్ణ శ్రద్ధాంజలి' అని పెట్టారు. మిగతావాళ్లు దాన్నే ఒకరి కింద ఒకరు అతికించారు. ఆయన దగ్గర అంతంత పొడుగు ఇంగ్లీషు మాటలు నేర్చినవాళ్లకు ఆయన కోసం సొంతంగా రెండు ముక్కలు రాయడానికి వేళ్లు రాలేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇది రాస్తున్నదీ ఆ కోపంతోనే.

మాది బొంబాయిలో కామాఠిపురా. మా తాతలు పాలమూరు నుంచి వచ్చి రాళ్లు మోసి, గోడలు లేపి ఈ గల్లీల్లోనే ఉండిపోయారు. ఊళ్లో వాళ్లందరికీ మేడలు కట్టారు గానీ, మా చాల్ మొత్తానికి ఉన్నది కింద ఒకే ఒక్క నల్లా. పొద్దున కాసేపు నీళ్లొస్తాయి. ఆ కాసేపట్లో జరిగినన్ని యుద్ధాలు చరిత్ర పుస్తకాల్లో కూడా ఉండవు.

సార్ నాగ్‌పాడాలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేవారు. ప్రెస్సు మూతపడ్డాక గదుల ముందు గ్యాలరీలో చాప పరిచి మాకు ట్యూషన్ చెప్పారు. ఇంగ్లీషులో గడగడా మాట్లాడటం ఆయనకు రాదు. చాలా మాటలకు అర్థం కూడా తెలియదని ఆయనే అనేవారు. కానీ 'షన్' అని పలికే టీ, ఐ, ఓ, ఎన్ అనే నాలుగక్షరాలను జీవితమంతా పక్కపక్కన పేర్చి పేర్చి, ఆ నాలుగూ ఎక్కడ కనిపించినా చుట్టం కనిపించినట్టు మురిసిపోయేవారు. "ఎంత పెద్ద మాటైనా భయపడొద్దు బిడ్డా. తోక పట్టుకుంటే దొరుకుతది. షన్ దొరికిందంటే ముంగటిదంతా రైలు డబ్బాలే, ఒక్కొక్కటి గుంజుకో" అనేవారు.

నల్లా కాడ జుట్లు పట్టుకోవడం చూసి చూసి ఒకరోజు ఆయనే ఒక కానూన్ పెట్టారు. ఏ ఇంటి పిల్లలు అంతకుముందు ఎవరూ చెప్పని షన్ మాట చెబితే ఆ ఇంటి బిందె ఒక అడుగు ముందుకు. ఇలాంటి పిచ్చి కానూన్ బొంబాయి మొత్తంలో ఇంకెక్కడా ఉండదు. మా ఆడవాళ్లు మాత్రం దాన్ని పట్టేసుకున్నారు. రోటీలు చేస్తూ పిల్లల వీపు చరిచి "పోరి, రేపటికి షన్ దొరికిందా లేదా?" అని అడిగేవాళ్లు. ఎడ్యుకేషన్, స్టేషన్ లాంటివి మొదటి వారంలోనే అయిపోయాయి. తర్వాత ఎక్కడెక్కడి నుంచో అడ్మినిస్ట్రేషన్, ఇండస్ట్రియలైజేషన్ దిగాయి. ఒక ముసలమ్మ తనే వచ్చి పెన్షన్ అంది. దాని తోకలో టీ లేదు, ఎస్ ఉందని సార్ ఒప్పుకోలేదు. "బయట సర్కారు ఇయ్యది, లోపట నువ్వు ఇయ్యవా సార్? ఏం బతుకయ్యా మాది!" అని ఆమె బిందె నేలకేసి కొట్టింది. సార్ నవ్వుతూ తన బిందె వెనక్కి జరుపుకుని ఆమెకు దారి ఇచ్చారు.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లప్పుడు, బజ్జీలు కట్టిచ్చిన పేపర్లో మా గల్లీ పేరు కనిపించింది. పక్కనే పొడుగాటి మాట, చివర షన్. కూడబలుక్కుని నేర్చుకున్నాను. మర్నాడు నల్లా కాడ "ప్రాస్టిట్యూషన్" అని గట్టిగా అరిచాను. లైనంతా నా వైపు తిరిగింది. అమ్మ చెయ్యెత్తింది.

"కొట్టకు చెల్లె," అన్నారు సార్. "పోరి తప్పేం లేదు. మాట పెద్దదే, తోక ఉంది. బిందె ముంగటికి జరుపు." తర్వాత నా పక్కన గొంతుక్కూర్చున్నారు. "మన గల్లీ పేరు పక్కన వాళ్లు ఎప్పుడూ గీ ఒక్క మాటనే రాస్తరు బిడ్డా. ఇంకా మస్తు మాటలున్నయ్. అవన్నీ మనం తెచ్చుకుందాం."

తెచ్చుకున్నాం సార్. ఎన్ని తెచ్చుకున్నా, ఉద్యోగానికి వెళ్లి అడ్రస్ చెప్పగానే అవతలివాడి మొహంలో నవ్వు ఒకటి పాకుతుంది చూడండి, వాడికి మాత్రం ఆ ఒక్క మాటే గుర్తొస్తుంది.

మా నల్లాకు ఇంకో కానూన్ ఉంది. అది సార్ పెట్టింది కాదు, మా తాతల నాటిది. ఎవరింట్లో చావు జరిగినా ఆ రోజు మొదటి బిందె వాళ్లది. ఆ నీళ్లతోనే శవానికి స్నానం. ఆ పొద్దు షన్ మాటలు ఉండవు, కొట్లాట ఉండదు. సార్ భార్య పోయినప్పుడు మా అమ్మే ఆ మొదటి బిందె పట్టి మూడో అంతస్తుకు మోసింది. అప్పుడే సార్ అన్నారు: "నాకూ గిట్లనే చెయ్యి చెల్లె. నేను ఇంకేం అడగ. ఇదే నల్లా, మొదటి బిందె." ఆ తర్వాత పండగ నాడు, పబ్బం నాడు కూడా గుర్తు చేసేవారు.

చాల్ పడగొట్టి కొత్త బిల్డింగ్ కడతామని నోటీసు మెట్ల కాడ అంటించిన రోజు నేను అక్కడే ఉన్నాను. అందులో రిహాబిలిటేషన్ అని ఉంది. మావాళ్లు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పిల్లలు పోటీపడి ఆ మాటను ఒక్క ఊపిరిలో చదివారు. చాల్ అంతా చప్పట్లు కొట్టింది! ఇంత పెద్ద షన్ మన గోడ మీదికే వచ్చిందని ఆడవాళ్లు మురిశారు. సార్ కళ్లు మూసుకుని విన్నారు, ఆయన మొహం వెలిగిపోయింది. బిల్డర్ మనిషి కూడా నవ్వుతూ చప్పట్లు కలిపాడు. కలపడా మరి, వాడి పని మేమే చేసి పెడుతుంటే!

"అంటే మళ్ల గీడికే వస్తం గదా?" అని సార్ ఒక్కరే అడిగారు.

"అంకుల్, బస్ థోడే దిన్ కీ బాత్ హై," అన్నాడు వాడు.

థోడే దిన్! కొన్నాళ్లేనట! అమ్మా నేనూ అద్దెకు వేరే చోటికి పోయాం, మిగతా అందరినీ ఊరికి ఆ చివరనున్న తాత్కాలిక ట్రాన్సిట్ బిల్డింగుకు తోలారు. అక్కడ గదికో నల్లా. లైన్ లేదు, కొట్లాట లేదు, తలుపులన్నీ మూసే ఉంటాయి. పిల్లలు హిందీలో ఆడుకుంటారు, సార్ ఎవరో వాళ్లకు తెలియదు. నా పని మా పాత గల్లీ పక్కనే, ఫోరస్ రోడ్ వైపు కాబట్టి సార్ ఫోన్ చేసి అడిగేవారు: "ఎంతవరకు లేసింది బిడ్డా?"

"చుట్టూ రేకులు కొట్టిండ్రు సార్. లోపట గడ్డి పెరిగింది."

ఒకసారి ఇది విన్నాక, "మాట చదువుడు నేర్పిన బిడ్డా. మాట ఇచ్చినోన్ని పట్టి అడుగుడు నేర్పలే. నాకే రాకపాయె," అన్నారు. అలా అనొద్దని గట్టిగా చెప్పాను. ఆయన తప్పేం ఉంది? చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కడైనా మళ్లీ ఆ బిల్డర్ ఆఫీసు మెట్లెక్కాడా?

ఆయన పోయిన రోజు అమ్మా నేనూ ఆ ట్రాన్సిట్ బిల్డింగుకు వెళ్లాం. శవాన్ని కింద వాకిట్లో పెట్టొద్దని, తొందరగా కానివ్వమని బిల్డింగ్ వాచ్‌మన్ రెండుసార్లు పైకి వచ్చాడు. ట్యాంకు నీళ్లు ప్లాస్టిక్ బకెట్లో పట్టి స్నానం చేయించారు. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. "ఒక్క బిందె అడిగిండు. గదీ ఇయ్యకపోతిమి," అంది.

మర్నాడు పొద్దున్నే మా గల్లీకి వెళ్లాను. రేకుల మీద బిల్డర్ బోర్డు ఉంది, వెలిసిపోయినా షన్ మాత్రం కనిపిస్తోంది. మా నల్లా రేకుల బయటికే పడింది. ఇప్పుడు దాని దగ్గర పక్క బిల్డింగ్ పనికి వచ్చిన పాలమూరు కూలి ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. నీళ్లు అప్పుడే వచ్చాయి. ముందున్నామె నన్ను చూసింది.

"ఏందక్కా, గట్ల నిలవడ్డవ్?"

"మా సార్ పోయిండు. గీడనే ఉంటుండె."

ఆమె వంగి నల్లా కింద పెట్టిన తన బిందెను తీసి పక్కన పెట్టుకుంది. "అయ్యో, చావింటోళ్లను నిలవెడ్తరా? ముందుగాల నువ్వు పట్టుకో అక్కా," అంది. వెనకున్నవాళ్లు ఒక్కరూ గొణగలేదు. ఒకామె చెంగుతో మొహం తుడుచుకుని రెండడుగులు వెనక్కి జరిగింది.

నా భుజాన ఆఫీసు బ్యాగు ఉంది. బిందె లేదు. అందరూ నా కోసం ఆగారు, నల్లా కింద ఖాళీ గచ్చు మీద నీళ్లు పడుతూనే ఉన్నాయి.