నాలుగో ప్లగ్గు

ఆ సందులో అందరూ అతన్ని ఇంజనీరనే పిలిచేవారు. చదివింది ఏడో తరగతి. మేడ మీద వాటాలో ఉండే వదిన ఒకసారి ఇస్త్రీ పెట్టె బాగు చేయమని ఇస్తే, దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి, మిగిలిపోయిన రెండు స్క్రూలను ఆమె చేతిలో పెట్టి, "ఇవి కంపెనీవాళ్ళు ఊరికే పెట్టారు వదినా, తీసేశాను" అన్నాడు. ఆ రోజు నుంచీ అతనికి ఆ పేరు స్థిరపడింది. పెట్టినవాళ్ళు వెక్కిరింతకే పెట్టారు. అతను మాత్రం ఎవరైనా అలా పిలిస్తే కాలరు సర్దుకుని మరీ పలికేవాడు.

అతని బతుకుతెరువు ఒక డీజిలు వ్యాను. ఆరేళ్ళ కిందట ఎవరో వాడి వదిలేసినది కొన్నాడు. పొద్దున పదకొండు మంది ఆడవాళ్ళను బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి తీసుకెళ్ళడం, సాయంత్రం తీసుకురావడం అతని పని. ఆ పదకొండు మందిలో వదిన కూడా ఒకతె. జిప్పుల విభాగంలో కొలతలు చూసేది. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. నిద్రలో కూడా తీయదని ఆమె భర్త, అంటే ఇంజనీరు అన్నగారు, ఫిర్యాదు చేసేవాడు.

ఎండాకాలమంతా వ్యాను బుద్ధిగా ఉండేది. చలి మొదలయిందంటే దానికి మొండితనం వచ్చేది. తాళం తిప్పితే కుర్రు కుర్రుమని మూలిగి ఊరుకునేది. అప్పుడు పదకొండు మందీ దిగి, టిఫిను డబ్బాలు సీట్ల మీద పెట్టి, వెనక చేరి తోసేవారు.

"ఇంజనీరుగారూ, ఫ్యాక్టరీలో మాకు జీతమిస్తున్నారు. ఇక్కడెవరిస్తారు?" అనేది బొత్తాలు కుట్టే పిన్ని.

"వ్యాయామం పిన్నీ! రోజూ నడవమని డాక్టరు చెప్పలేదా?"

"నడవమన్నాడు గానీ, వ్యాన్ని నెట్టుకుంటూ నడవమన్లేదు నాయనా."

ఆరో చలికాలమూ అలాగే గడిచేదేమో గానీ, ఆ ఏడు వీధి చివర పైపుల కోసం గొయ్యి తవ్వారు. తోయడానికి ఉన్న దూరం సగానికి సగం తగ్గింది. ఇంజను అందుకునేలోపే గొయ్యి ఎదురొచ్చేది. మళ్ళీ వెనక్కి లాగి, మళ్ళీ తోసేవారు. వారంలో మూడుసార్లు ఆలస్యమయ్యారు. శుక్రవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర సూపర్‌వైజరు చేతి గడియారాన్ని ఇంజనీరు ముక్కు దగ్గరికి తెచ్చి చూపించాడు.

"సోమవారం ఏడూ నలభైకి బండి ఇక్కడ ఉండాలి. ఒక్క నిమిషం దాటినా వేరే వ్యాను పెట్టుకుంటాం. ఆ వ్యానువాడు నిన్ననే వచ్చి మీ సందు చూసి వెళ్ళాడు కూడా."

ఇంజనీరు ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పదకొండు సీట్ల మీదే. అయినా ఇంటికొచ్చి భార్యతో, "ఇంతకాలం నాకు తీరిక లేక ఊరుకున్నాను గానీ, ఇది ఒక్క పూట పని" అన్నాడు.

"మెకానిక్కుని పిలవరాదూ?"

"నేనుండగానా?"

భార్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెళ్ళయిన కొత్తలో అతను బాగు చేసిన గుమ్మం గంట, ఎవరూ నొక్కకుండానే, బాత్‌రూం లైటు వేసినప్పుడల్లా మోగేది. దానికే అలవాటు పడిన మనిషి ఆవిడ.

డీజిలు ఇంజను చలిలో మొదటి మంట అందుకోవాలంటే లోపల కాస్త వేడి కావాలి. ఆ వేడినిచ్చేవి హీటరు ప్లగ్గులు. చిటికెన వేలంత ఇనప పుల్లలు, ఒక్కో సిలిండరుకి ఒకటి చొప్పున నాలుగు. శనివారం పొద్దున ఇంజనీరు ముందు సీటు ఎత్తి, ఇంజనులోకి తల దూర్చాడు. ఒక బల్బుకి రెండు తీగలు కట్టి, ఒకటి బ్యాటరీకీ, ఇంకోటి వరసగా ఒక్కో ప్లగ్గు తలకీ తగిలించి చూశాడు. ప్లగ్గు బతికి ఉంటే బల్బు వెలగాలి. మొదటి మూడింటికీ వెలగలేదు. నాలుగోదానికి భేషుగ్గా వెలిగింది.

"మూడు పోయాయి. నాలుగోది బంగారం!" అని ఇంట్లోకి కేకేశాడు.

ఆ నాలుగోది పైపుల వెనక, చెయ్యి పట్టని మూలలో ఉంది. నిజానికి దాన్నీ తీద్దామని పానా వేసి చూశాడు. అది కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తిప్పితే లోపలే విరిగి ఊరుకుంటుందేమోనని భయపడి వదిలేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బాగున్నదాన్ని కదపకూడదని మాత్రం ఇద్దరికి ఉపదేశించాడు.

తీసిన మూడింటిలో ఒకదాన్ని జేబురుమాలులో చుట్టుకుని స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్ళాడు. కొట్టు పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఇంజను నంబరు చెప్పండి, పుస్తకంలో చూసి ఇస్తాను" అన్నాడు.

"నంబరెందుకండీ? మనిషే ఎదురుగా ఉంటే ఫొటో చూస్తామంటారేంటి?" అంటూ రుమాలు విప్పి ప్లగ్గును బల్ల మీద పెట్టాడు ఇంజనీరు. "అచ్చం ఇలాంటివి మూడు."

"పాత బళ్ళలో ఎవరేం బిగించారో..."

"ఇరవయ్యేళ్ళ నుంచి చూస్తున్నాను ఇంజన్లని!"

పెద్దాయన అచ్చం అలాంటివే మూడు తీసి ఇచ్చాడు. ఇంజనీరు వాటిని బిగించి, చేతులు కడుక్కుని, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఆదివారం పొద్దున, చలి బాగా ఉన్నప్పుడే, తాళం తిప్పాడు. కుర్రు కుర్రు. వెనక గొట్టంలోంచి ఇంత తెల్లటి పొగ వచ్చింది. ఇంజను ఒకసారి ఒంటికాలి మీద గెంతినట్టు కుదిపి, చల్లారిపోయింది. పదిసార్లు తిప్పాడు. డీజిలు కల్తీ అన్నాడు. బ్యాటరీ ముసలిదయిందన్నాడు. కొట్టువాడు మోసం చేశాడన్నాడు. చివరికి స్టీరింగు మీద నుదురు ఆనించి కూర్చుండిపోయాడు. గేటు దగ్గర వేరే వ్యాను నిలబడి ఉన్నట్టూ, అందులోంచి పిన్ని నవ్వుతూ దిగుతున్నట్టూ కళ్ళకు కట్టింది.

మేడ మెట్ల మీద చప్పుడయింది. వదిన కాఫీ గ్లాసుతో వచ్చి, సీటు మీద పరచిన గుడ్డలో పడి ఉన్న పాత ప్లగ్గులను చూసింది.

"ఇవేనా పోయినవి?"

"ఆఁ."

"కొత్తవీ ఇలాగే ఉన్నాయా?"

"అచ్చు గుద్దినట్టు."

"నాలుగోది ఎలా ఉంది?"

"అది బాగానే పని చేస్తోంది వదినా. దాంతో మనకేం పని?"

"అదేంటయ్యా! పోయినవాటిని పట్టుకెళ్ళి కొలతిచ్చావు. పని చేసేదాన్ని కదా చూడాల్సింది? మా దగ్గర జిప్పు పట్టకపోతే, పట్టిన ప్యాంటు పక్కన పెట్టి కొలుస్తాం."

ఇంజనీరు ఆమె చేతిలోని గ్లాసు అందుకుని కాఫీ తాగాడు.

"తియ్యి మరి" అంది వదిన.

"అది... కొంచెం బిగుసుకుంది."

"కొంచెమా?"

"అసలు కదల్లేదు" అని ఒప్పుకున్నాడు, గ్లాసులోకి చూస్తూ. "విరుగుతుందని భయమేసింది."

వదిన నవ్వలేదు. మొగుణ్ణి కేకేసింది. అన్నగారు, "ఆదివారం కూడా తోపుడేనా?" అని సణుగుతూ లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు. ఇంజనీరు భార్య, వదిన, అన్నగారు కలిసి గొయ్యి దాకా రెండుసార్లు తోస్తే ఇంజను అందుకుంది. అరగంట తిరగనిచ్చి, దాని ఒళ్ళు వేడెక్కాక ఆపారు. ప్లగ్గు మొదలు దగ్గర నూనె చుక్కలు వేసి, అది ఇంకే దాకా ఊరుకున్నారు. తర్వాత పానా వేయాలి. ఇంజనీరు చెయ్యి ఆ సందులో పట్టలేదు. వదిన మోచేతి దాకా గుడ్డ చుట్టుకుని చెయ్యి పెట్టింది.

"గట్టిగా తిప్పకు వదినా! ఇటో పిసరు, అటో పిసరు..."

"తెలుసులే. ఇరుక్కున్న జిప్పుని లాగితే పళ్ళు ఊడతాయి. నువ్వు గాలి ఆడనియ్యి, మీద పడకు."

ఇటో పిసరు, అటో పిసరుగా పావుగంట పట్టింది. కిర్రుమంది. ఇంజనీరు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ప్లగ్గు విరగకుండా, మొత్తంగా, వదిన చేతిలో ఉంది.

ఆమె దాన్ని కొత్తదాని పక్కన నిలబెట్టింది. టేపు తీయాల్సిన అవసరం లేకపోయినా తీసింది. కొత్తది అర అంగుళం పొట్టి.

"ఇదిగో నీ బంగారం" అంది.

కొట్టు ఆ రోజు సెలవు. పెద్దాయన ఇల్లు కొట్టు పైనే. షట్టరు సగం ఎత్తి, వంగి బయటికి చూశాడు. ఈసారి ఇంజనీరు ఇంజను నంబరు కాగితం మీద రాసుకుని వచ్చాడు. పక్కన వదిన ఉండటం వల్ల మాటలు కూడా తగ్గాయి. పెద్దాయన పుస్తకంలో వేలు పెట్టి వెతికి, నాలుగో ప్లగ్గు తల మీది అంకెలతో పోల్చి చూసి, తలాడించాడు.

"ఈ ఇంజనుకి రావాల్సింది ఇదొక్కటే. మిగతా మూడూ అంతకుముందు ఎవడో మర చుట్లు సరిపోయాయని బిగించినవి. పొట్టివి. లోపలికి అందవు. గదిలో చలేస్తుంటే గుమ్మం బయట కుంపటి పెట్టినట్టు."

"మరి తోస్తూ తోస్తూ ఆరేళ్ళు..." అన్నాడు ఇంజనీరు నీరసంగా.

"మేము తోశాం" అంది వదిన.

నాలుగూ కొత్తవే తీసుకున్నారు. పొట్టివాటిని పెద్దాయన వెనక్కి తీసుకోలేదు. సాయంత్రం చీకటి పడకముందే ఇంజనీరు మూడు బిగించాడు, వదిన నాలుగోది బిగించింది.

సోమవారం మంచు అద్దాల మీద నీళ్ళై కారుతోంది. పదకొండు మందీ వచ్చి, ఎవరూ చెప్పకుండానే డబ్బాలు లోపల పెట్టి, వెనక వరసగా నిలబడి తలుపు మీద చేతులు ఆనించారు. ఇంజనీరు తాళం ఒక మెట్టు తిప్పి, ప్లగ్గులు వేడెక్కుతున్నాయని చూపే మెలికల గుర్తు దీపం ఆరిపోయే దాకా ఆగి, రెండో మెట్టు తిప్పాడు.

ఇంజను అందుకుంది.

"ఇంకా తొయ్యందే!" అని వెనకనుంచి పిన్ని కేకేసింది.

గేటు దగ్గరికి చేరేసరికి ఏడూ ముప్పై రెండు. సూపర్‌వైజరు గడియారం చూసి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, చివరికి నమ్మాడు.

"ఏ మెకానిక్కు చేశాడు?"

ఇంజనీరు కాలరు మీదికి చెయ్యి పోయింది. అద్దంలో చూస్తే, దిగబోతూ ఆగిన పదకొండు మంది అతని నోటి వంకే చూస్తున్నారు.

"మా వదినండీ" అన్నాడు. "నేను మూడు పెట్టాను. అవి తప్పు."

"సరే, రోజూ ఇలాగే రా. ఆ రెండో వ్యానువాడికి వద్దని చెప్పేస్తాను."

ఆ మాట వినగానే ఇంజనీరు ఒళ్ళు తేలికయింది. ఇంజను ఆపేశాడు. సూపర్‌వైజరు చూస్తుండగా మళ్ళీ తాళం తిప్పాడు. అందుకుంది. మళ్ళీ ఆపి, మళ్ళీ తిప్పాడు. అందుకుంది. అటుగా వెళ్తున్న కాపలాదారుని కూడా పిలిచి, "చూడండి, ఒక్కసారికే" అని మూడోసారి తాళం మీద చెయ్యి వేశాడు.

గేటు లోపలికి వెళ్ళిన వదిన వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది. "చాల్లేవయ్యా మహానుభావా! బ్యాటరీ అయిపోతే సాయంత్రం మళ్ళీ మమ్మల్నే తొయ్యమంటావు!"