కుందుర్పి నుంచి బెంగళూరుకు: కరిగే బిళ్ల కోసం మూడేళ్లు ఆగి చేసిన ప్రయాణం

మా తమ్ముడు నాగరాజు కూతురు శిరీషకు ఆరవ ఏట గుండె కింది గదుల మధ్య పెద్ద రంధ్రం ఉన్నట్లు తేలింది. బెంగళూరు డాక్టరుగారు లోహపు తీగలతో అల్లిన బిళ్ల పెట్టి ఆ ఏడాదే మూసివేద్దామన్నారు. ఆగమన్నవాడిని నేను. పగలు ఉద్యోగం చేస్తూ, రాత్రి కళాశాలలో చదివి పట్టభద్రుడినయ్యాను. మా ఇంట నా మాటకు ఎదురులేదు. కళ్యాణదుర్గం ఇంటర్నెట్ సెంటరులో ఒక ఇంగ్లీషు వ్యాసం చదివాను. అందులో చెప్పిన కొత్త రకం బిళ్ల మీద గుండె సొంత కండ పెరిగాక, కుట్టు దారం కరిగినట్లు ఆ బిళ్లే కరిగిపోతుందట. ఆడపిల్ల ఎదలో జీవితాంతం ఇనుమెందుకు, ఇది వచ్చేవరకు ఆగుదామన్నాను. నేల పదునెక్కేదాకా వేరుశనగ విత్తనాన్ని ఇంట్లోనే దాచుకునే రైతు నాగరాజు. ఆగడం అతనికి తప్పనిపించలేదు. మూడేళ్లు గడిచాయి. మొన్న జూన్‌లో పాప బడి మెట్ల మీద కూలబడింది. ఇక బయలుదేరాము.

కుందుర్పిలో ఉదయం ఐదున్నర బస్సు ఎక్కితే ఏడు లోపు కళ్యాణదుర్గం చేరవచ్చు. అక్కడి నుంచి పావగడ, మధుగిరి మీదుగా బెంగళూరుకు ఐదు గంటలు. మనిషికి సుమారు నూరు రూపాయలు. కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు. దారి పొడవునా దున్ని పెట్టిన చేలు వాన లేక ఎర్రగా ఎండి ఉన్నాయి. పావగడలో పావుగంట ఆపుతారు. అక్కడ హోటలులో దోసెలు పోస్తున్న ఆమె పాప పెదవులు చూసి, "ఏం పాపా, పొద్దున్నే నేరేడుపండ్లు తిన్యావా?" అని నవ్వింది. "లేదత్తా, నావి ఇట్లే ఉంటాయి" అని పాప కూడా నవ్వింది. ఆమె మా ముఖాలు చూసి, పాపకు ఇంకొక దోసె వేసింది.

ఒంటిగంటకు ఆస్పత్రి చేరాము. పరీక్షలన్నీ ముగిసేసరికి నాలుగైంది. అప్పుడే ప్రింటు తీయించి ప్లాస్టిక్ కవరులో భద్రపరచిన ఆ వ్యాసాన్ని డాక్టరుగారి ముందుంచాను. ఆయన ఓపికగా చివరిదాకా చదివారు.

"మంచి పరిశోధనే. ఇంకా కొద్దిమంది మీదే పరీక్షిస్తున్నారు. అదీ పై గదుల రంధ్రానికని ఇందులోనే రాశారు కదా. మీ పాపది కింది గదులది."

ఆ వాక్యం నేనూ చదివాను. తేడా గ్రహించలేదు.

నాగరాజు లేచి నిలబడ్డాడు. "ఆ ఇనుపదే పెట్టేయండి సార్."

ఇప్పుడు ఏదీ పెట్టరాదని ఆయన నెమ్మదిగా వివరించారు. ఇన్నాళ్ల ఒత్తిడికి ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడ్డాయి. ఇప్పుడు రంధ్రం మూస్తే గుండె తట్టుకోలేదు. మందులతో ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లేనన్నారు.

బస్టాండులో పాప తండ్రి ఒడిలో నిద్రపోయింది. నాగరాజు నా వైపు చూడకుండానే అన్నాడు: "ఆగచ్చునా అని సార్‌ను ఒక్క మాట అడగాల్సింది. నువ్వు ఉండంగ నేనేమి అడిగేది అనుకొంటి అన్నా."

తిట్టి ఉంటే భరించేవాడిని. మా నేలలో తొందరపడి విత్తినవాడు నష్టపోతాడు, ఆగినవాడు నిలుస్తాడు. ఆ నీతిని పసిపిల్ల గుండెకు వర్తింపజేసింది నా చదువే. కరిగే బిళ్ల ఏదో ఒకనాడు వస్తుంది, ఎందరినో కాపాడుతుంది; దాని మీద నాకు కోపం లేదు.

ఇదే దారిన బిడ్డను తీసుకుపోయేవారికి నా సూచన ఒక్కటే. ఎన్నాళ్లు ఆగవచ్చో డాక్టరును మీ నోటితో మీరే అడిగి, చీటీ మీద రాయించుకోండి. పక్కన నాలాంటి చదువుకున్నవాడు ఉన్నా సరే.