బావమరుదుల కోటలో ప్రొఫెసర్ గారు

2023 చలికాలం. సిడ్నీలో, పారమట్టా దగ్గరి ఒక పెద్ద ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సుగా పనిచేస్తున్నాను. తుంటి ఎముక విరిగి వచ్చే పెద్దవాళ్లే మా దగ్గర ఎక్కువ. ఆపరేషన్ సాధారణంగా బాగానే జరుగుతుంది. అసలు భయమంతా ఆ తర్వాతి రెండు మూడు రోజులు. అప్పటిదాకా చక్కగా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి తానెక్కడున్నదీ మరిచిపోతాడు. లేనివాళ్లను చూస్తాడు. కన్నబిడ్డనే కొట్టబోతాడు. దీన్ని డెలీరియం అంటారు. ఇది పిచ్చి కాదు. జ్వరమో, నొప్పో, మూత్రం ఆగిపోవడమో, ఒంట్లో ఏదో ఒకటి చెడినప్పుడు ఆ దెబ్బ మెదడు మీద పడుతుంది. కారణం పట్టుకుంటే చాలావరకు తగ్గిపోతుంది. పట్టుకోలేకపోతే ప్రాణం మీదికి రావచ్చు.

ఆ మధ్యాహ్నం నేను మరో గదిలో కట్టు మారుస్తుంటే తోటి నర్సు పరుగున వచ్చింది.

“సుహా, ఐ థింక్ ఇట్స్ యువర్ లాంగ్వేజ్. ప్లీజ్ కమ్.”

వెళ్లేసరికి ఆ గది ముందు ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు నిలబడి ఉన్నారు. అప్పటికే కోడ్ బ్లాక్ పిలిచారు. పేషెంటు ఎవరి మీదికైనా తిరగబడితే ఇచ్చే కేక అది. లోపల మంచం అంచున ప్రొఫెసర్ చలపతి గారు కూర్చుని ఉన్నారు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. ఇక్కడి యూనివర్సిటీలో నలభై ఏళ్లు యూరప్ మధ్యయుగాల చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆపరేషన్ అయి రెండో రోజు. చేతికున్న సెలైన్ సూది పీకేసుకున్నారు. మోచేతి నుంచి నెత్తురు కారి దుప్పటి మీద పడుతోంది. సెలైన్ స్టాండును రెండు చేతులా పట్టుకుని ఈటెలా మా వైపు చాచారు.

“దగ్గరికి రాకు! నిన్ను పంపింది మా బావమరుదులేగా?”

అచ్చమైన తెనాలి తెలుగు. ఆయన భార్య భారతి ఆంటీ గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ఆవిడ ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు నేలమీద పడి ఉంది. విషం కలిపావంటూ విసిరికొట్టారట. పొద్దుటి నుంచి చుక్క నీరు గానీ, ఒక్క మాత్ర గానీ మింగలేదు.

“ఆంటీ, అంకుల్‌కి మీ తమ్ముళ్లతో ఏమైనా గొడవలున్నాయా?” అని మెల్లిగా అడిగాను.

“గొడవలేంటమ్మా! నాకున్నది ఒక్కడే తమ్ముడు. వాడంటే ఈయనకి ప్రాణం.”

డ్యూటీలో ఉన్న డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. మూత్రపు గొట్టం పొద్దున్నే తీసేశారు, అప్పటి నుంచి మూత్రం రాలేదు, బహుశా అదే కారణం అన్నాడు. పొట్ట మీద బ్లాడర్ స్కాన్ అనే చిన్న యంత్రం ఆనిస్తే తెలిసిపోతుంది. కానీ ఆనించేదెవరు? నలుగురు కలిసి అదిమి పట్టుకుంటే కొత్తగా అతికిన తుంటి మళ్లీ విరగవచ్చు. మత్తు సూది ఇద్దామంటే, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఆయనకు ముందే ఉంది.

“లేచి నిలబడబోతే మాత్రం ఇక ఆగను,” అన్నాడు డాక్టరు. అతని చేతిలో సూది సిద్ధంగా ఉంది.

అప్పుడే కూతురు మైథిలి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, హైస్కూల్లో లెక్కల టీచరు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లిషులో వస్తుంది. గుమ్మంలో ఆగి తండ్రి కేకలు వింది. కొండ మీద కోట, నామకరణం విందుకని పిలిచి పట్టుకున్న ద్రోహులు అంటున్నారాయన. ఆమె ముఖం పాలిపోయింది.

“ఓ గాడ్. ఇట్స్ గిరార్.”

“ఎవరు గిరార్?”

“డాడ్ రాసిన బుక్. ఆయన లైఫ్ అంతా ఆ ఒక్క మనిషే.”

వరండాలో నిలబెట్టి గబగబా చెప్పించుకున్నాను. గిరార్ మధ్యయుగాల్లో ఫ్రాన్స్ దక్షిణాన ఒక చిన్న సంస్థానానికి కౌంటు, అంటే ప్రభువు. ఇద్దరు పెద్ద ప్రభువుల మధ్య నలిగినవాడు. నది మీది వంతెన కట్నంగా వస్తుందని పక్క కోట వాళ్ల పిల్లను చేసుకున్నాడు. చెల్లెల్ని ఉత్తరపు ప్రభువు ఇంటికిచ్చాడు. సంధి కోసం కూతురు ఎలీస్‌ను పదేళ్లకే బద్ధశత్రువు కోడలిగా పంపాడు. చివరికి ఆ వంతెన కోసం భార్య అన్నదమ్ములే విందుకు పిలిచి బంధించారు. ఖైదులో విషం పెడతారేమోనని అన్నం ముట్టలేదు.

“మరి ఎలా బయటపడ్డాడు?”

“ఎలీస్. ఆమె మామగారిని ఒప్పించింది. ద ఎనిమీ! ఆయన సైన్యంతో వచ్చి విడిపించాడు.”

నాకు ఒక దారి కనిపించినట్టయింది. “ఆయన నమ్మేది కూతుర్నే కదా. మీరు లోపలికి వెళ్లండి.”

ఆమె వెనక్కి జరిగింది. “ఎలీస్‌లాగా యాక్ట్ చెయ్యాలా? నో. ఐ కాంట్ లై టు హిమ్. నౌ ఆఫ్ ఆల్ టైమ్స్.”

ఆమె చెప్పింది సబబే. డెలీరియంలో ఉన్న మనిషి చూసేదాన్ని కాదని వాదించకూడదు, అవునని నాటకమూ ఆడకూడదు. మా చదువులో చెప్పేది అదే. “అబద్ధం వద్దు,” అన్నాను. “మీకు తెలియనిదే ఏదైనా అడగండి. క్లాసులో స్టూడెంట్ అడిగినట్టు. తెలుగులో అడగండి.”

“నేనెప్పుడూ ఏమీ అడగలేదు,” అంది తెలుగులోనే. “డిన్నర్ టేబుల్ దగ్గర ఆయన స్టార్ట్ చేస్తే లేచి వెళ్లిపోయేదాన్ని.”

లోపలికి వెళ్లి తండ్రికి దూరంగా, ఆయన కంటే కిందుగా ఒక స్టూలు మీద కూర్చుంది. నేను గోడవారన నిలబడ్డాను.

“నాన్నా, ఎలీస్‌ని ఎందుకు ఇచ్చారు శత్రువులకి? చిన్న పిల్ల కదా?”

ఆయన స్టాండు గుంజి పైకెత్తారు. “ఎవరు చెప్పారు నీకు? నేనిష్టపడి ఇచ్చాననుకున్నావా? నేను...” అంటూ పాదాలు నేలకు ఆనించి లేవబోయారు. డాక్టరు ఒక అడుగు ముందుకు వేశాడు. వద్దని చెయ్యి చూపించాను.

మైథిలి కదల్లేదు. “నాకు తెలీదు నాన్నా. అందుకే అడుగుతున్నా. ఆ నది ఎక్కడుంది? బ్రిడ్జి ఎక్కడ? ఐ డోంట్ గెట్ ఇట్. చూపించండి.”

లేవబోయినవారు ఆగి ఆమె వైపు తిరిగారు. తర్వాత, అర్థం కాని విద్యార్థిని చూస్తే పంతులుకు కలిగే విసుగు ఆ ముఖంలోకి వచ్చింది. స్టాండు పక్కన పెట్టి దుప్పటి మీద వేలితో గీత గీశారు.

“ఇది నది. ఈ దిండు కొండ. ఇక్కడ వంతెన. ఈ వంతెన కోసమే మొదటి పెళ్లి.”

“ఎవరి పెళ్లి?”

“ఎవరిదేంటి? అతనిది. గిరార్‌ది.”

నేను ఊపిరి పీల్చుకున్నాను. ‘నేను’ పోయి ‘అతను’ వచ్చాడు. సెక్యూరిటీ వాళ్లను గుమ్మం దగ్గర్నుంచి తప్పుకోమని సైగ చేశాను.

ఆయన చెబుతూ పోయారు. ఉత్తరాన చెల్లెలు, తూర్పున వియ్యంకుడు, మధ్యలో మోసం చేసిన బావమరుదులు. మైథిలి అడుగుతూనే ఉంది, కొన్ని తెలివైన ప్రశ్నలు, కొన్ని పిచ్చి ప్రశ్నలు. మధ్యలో తను ఒక గుక్క తాగి గ్లాసు అందిస్తే, పాఠం ఆపకుండానే అందుకుని తాగారు. ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను దగ్గరగా వెళ్లి కూర్చున్నాను. “సార్, నా పేరు సుహాసిని. ఇక్కడ నర్సుని. మీకు పొత్తికడుపులో బరువుగా ఉందా?”

“ఉందమ్మా,” అన్నారు, ఎవరో ఇప్పటికైనా అడిగారన్నట్టు. “చచ్చిపోయే నొప్పి. ఇందాకట్నుంచి.”

స్కాన్‌లో చూస్తే మూత్రాశయం గట్టిగా నిండిపోయి ఉంది. చేసేదంతా ముందుగా చెప్పి, ఆయన సరేనన్నాకే గొట్టం వేశాం. సంచీ నిండుతున్నకొద్దీ పిడికిళ్లు విడిపోయాయి, నుదుటి ముడతలు సడలాయి. కూతురి చెయ్యి పట్టుకుని, ఎలీస్ మామగారి సైన్యం వంతెన దాటుతున్న దగ్గర మాట ఆగి, నిద్రపోయారు.

రెండు రోజులకు పూర్తిగా తేరుకున్నారు. నేను మందులివ్వడానికి వెళ్తే సిగ్గుపడుతూ పలకరించారు.

“నిన్ను ఏమైనా అన్నానా అమ్మా?”

“మీ బావమరుదుల మనిషినన్నారు సార్.”

నవ్వలేదు.

“కొంచెం కొంచెం గుర్తుంది. ఖైదులో గిరార్ గురించి ఒక అధ్యాయం రాశాను. ప్రతివాణ్నీ అనుమానించే క్రూరుడని, కాపలావాళ్లను కొట్టాడని. ఎన్నో పత్రాలు చదివి రాసింది. కానీ ఆ గదిలో అతనికెంత భయమేసి ఉంటుందో నాకు తట్టనే లేదు. మైథిలి ఆ అధ్యాయం చదువుతానంటోంది. ముందు సరిచేసి ఇస్తాను.”

భయం గురించి ఆయన అన్న మాట నా పనిలోకీ వచ్చింది. మీద పడబోయే పేషెంట్ల చార్టులో ‘అగ్రెసివ్’ అని రాయడం మాకందరికీ అలవాటు. ఆ మాట చదివి వచ్చే తర్వాతి షిఫ్టు నర్సు దూరంగానే నిలబడుతుంది. ఇప్పుడు నేను ‘భయపడుతున్నారు’ అని రాస్తాను. దేనికో తెలిస్తే అదీ రాస్తాను. అది చదివినవాళ్లు కుర్చీ లాక్కుని కూర్చోవడం చాలాసార్లు చూశాను.